ఏ పరీక్షలోనూ ఏమీ తేలని కడుపు బాధతో ఏళ్ల తరబడి ఎలా నెట్టుకురావాలి?

మూడేళ్లుగా కడుపు ఉబ్బరం, నొప్పి, పొద్దున లేచిన దగ్గర్నుంచి నాలుగైదు సార్లు నీళ్ల విరేచనాలు. ఎండోస్కోపీ, కొలొనోస్కోపీ, స్కానింగ్ అన్నీ నార్మల్. ముగ్గురు డాక్టర్లు "ఏమీ లేదు, టెన్షన్ తగ్గించుకోండి" అని పంపేశారు, ఇప్పుడు ఇంట్లోవాళ్లు కూడా అదే మాట అంటున్నారు. మీరు రాసింది ఇదే కదా. చదువుతుంటే ఐదేళ్ల కిందట నేనెలా ఉన్నానో కళ్ల ముందు కదిలింది. నేను డాక్టర్ని కాను. తొమ్మిదేళ్లుగా ఇలాంటి కడుపుతో బతుకుతున్న మనిషిని, అంతే.

ముందు ఒక మాట. మీకు వాళ్లు చెప్పాల్సింది "ఏమీ లేదు" అని కాదు, "ఈ పరీక్షల్లో ఏమీ కనబడలేదు" అని. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. ఎండోస్కోపీలో కెమెరాకి పేగు లోపలి పొర కనిపిస్తుంది. పుండు ఉందా, వాపు ఉందా, గడ్డ ఉందా అన్నది తెలుస్తుంది. ఇల్లు ఫొటో తీస్తే గోడలు కనిపిస్తాయి గానీ లోపల కరెంటు సరిగ్గా వస్తోందో లేదో కనిపించదు కదా, ఇదీ అంతే. పేగు గోడల్లో కోట్ల సంఖ్యలో నాడీకణాలున్నాయి. అవి అతిగా స్పందిస్తుంటే, వేరేవాళ్లకి తెలియను కూడా తెలియని కొద్దిపాటి గ్యాస్ మనకు మెలిపెట్టినట్టు నొప్పి పుట్టిస్తుంది. అది ఏ స్కాన్‌లోనూ పడదు.

నా విషయంలో దారి తిప్పింది ఒక చిన్న ప్రశ్న. నాలుగో ఏడాది కలిసిన డాక్టరుగారు రిపోర్టుల కట్ట పక్కన పెట్టి, "ఇది మొట్టమొదట ఏ రోజున మొదలైంది? ఆ ముందు వారం ఏం జరిగింది?" అని అడిగారు. అప్పటిదాకా ఎవరూ అడగలేదు, నాకూ తోచలేదు. ఆలోచిస్తే గుర్తొచ్చింది. ఒక ప్రయాణంలో ఏదో పడక ఐదు రోజులు జ్వరం, వాంతులు, విరేచనాలు. అది తగ్గిపోయిందనే అనుకున్నాను. కానీ ఆ తర్వాత నా కడుపు ఎప్పుడూ మునుపటిలా లేదు.

అప్పుడు ఆయన కెనడాలో వాకర్టన్ అనే ఊరి సంగతి చెప్పారు. 2000 మే నెలలో అక్కడ తాగునీటిలో బ్యాక్టీరియా కలిసి రెండు వేల మందికి పైగా జబ్బుపడ్డారు. వాళ్లలో చాలామందిని పరిశోధకులు ఏళ్ల తరబడి గమనించారు. రెండు మూడేళ్ల తర్వాత కూడా, అప్పుడు విరేచనాలు పట్టుకున్నవాళ్లలో సుమారు మూడో వంతు మందికి ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, అంటే పరీక్షల్లో పేగు బాగానే కనిపించినా నొప్పి, విరేచనాల తేడాలు వదలని జబ్బు) లక్షణాలున్నాయి. ఎనిమిదేళ్ల నాటికి చాలామందికి తగ్గుముఖం పట్టాయి, కొందరిని మాత్రం వదల్లేదు. ఇన్ఫెక్షన్ పోయినా పేగు నాడుల మీద దాని ముద్ర మిగిలిపోవచ్చన్నమాట. నాలుగేళ్ల తర్వాత ఆ గదిలో కూర్చుని నేను ఏడ్చేశాను. నాది ఊహ కాదని ఒకరు చెప్పారు కాబట్టి.

ఆయన చేసిన ఇంకో పని మీకు తప్పకుండా చెప్పాలి. ఒక తెల్లకాగితం మీద నిలువుగా గీత గీసి, ఒక పక్క "కాదని తేలినవి", ఇంకో పక్క "ఇంకా చూడనివి" అని రాశారు. ఇన్ని పరీక్షల తర్వాత రెండో పక్క ఖాళీగా ఉంటుందనుకున్నాను. లేదు.

సీలియక్ జబ్బు, అంటే గోధుమలో ఉండే గ్లూటెన్ పడకపోవడం, మొదటి పక్కనే ఉండాలి, ఎందుకంటే రక్తపరీక్షలో నెగెటివ్ వచ్చింది. కానీ ఆ పరీక్షకి రెండు నెలల ముందే నేను సొంతంగా గోధుమలు మానేశాను. మానేశాక చేస్తే ఆ యాంటీబాడీలు తగ్గిపోయి జబ్బున్నా లేనట్టు చూపించవచ్చు. మళ్లీ కొన్ని వారాలు తిని చేయించుకోవలసి వచ్చింది. నెగెటివే వచ్చింది, ఈసారి నమ్మదగ్గ నెగెటివ్. మీరు కూడా ఏదైనా మానేసి ఉంటే పరీక్షకి ముందు డాక్టరుకి చెప్పండి. మలంలో కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష కూడా అప్పుడే చేయించారు. పేగుల్లో వాపు ఉంటే అది పెరుగుతుంది. పేగుల్లో వాపు పుట్టించే క్రోన్స్ లాంటి జబ్బుకీ ఐబీఎస్‌కీ తేడా పట్టడానికి చాలా పనికొస్తుంది.

మీవి నీళ్ల విరేచనాలు అన్నారు కాబట్టి పైత్యరసం సంగతి కూడా అడగండి. కాలేయం నుంచి వచ్చే పైత్యరసంలోని ఆమ్లాలను చిన్నపేగు చివర్లో తిరిగి పీల్చుకోవాలి. అది సరిగ్గా జరగకపోతే అవి పెద్దపేగులోకి దిగి నీళ్ల విరేచనాలు తెప్పిస్తాయి. విరేచనాల రకం ఐబీఎస్ అనుకున్నవాళ్లలో సుమారు నాలుగో వంతు మందికి ఇదే కారణమని తేలింది. గాల్‌బ్లాడర్ తీసేసినవాళ్లలోనూ కనిపిస్తుంది. దీనికి పరీక్ష అన్నిచోట్లా దొరకదు. అందుకే కొందరు డాక్టర్లు ఆ ఆమ్లాలను పేగులో పట్టి ఉంచే కొలెస్టిరమిన్ లాంటి మందు కొన్నాళ్లు ఇచ్చి గుణం కనిపిస్తుందేమో చూస్తారు.

"టెన్షన్" అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. కడుపులో అల్సర్లు టెన్షన్ వల్ల, యాసిడ్ వల్ల వస్తాయని దశాబ్దాల పాటు నమ్మారు. ఆస్ట్రేలియాలో బారీ మార్షల్, రాబిన్ వారెన్ అనే ఇద్దరు డాక్టర్లు దానికి ఒక బ్యాక్టీరియా కారణమన్నారు. ఎవరూ నమ్మకపోతే 1984లో మార్షల్ ఆ బ్యాక్టీరియాని తానే తాగి జబ్బు తెచ్చుకుని చూపించారు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. కాబట్టి కారణం దొరకనంత మాత్రాన దాన్ని మనసు మీదకి నెట్టేస్తే ఒప్పుకోనక్కర్లేదు.

అలాగని నేను చేసిన తప్పు మీరు చేయకండి. మూడో ఏడాది ఒక డాక్టరు అమిట్రిప్టిలిన్ రాశారు. అది డిప్రెషన్ మాత్ర అని తెలిసి, నన్ను పిచ్చిదాన్ని అనుకుంటున్నారని చీటీ చింపేశాను. దాంతో ఒక ఏడాది పోగొట్టుకున్నాను. డిప్రెషన్‌కి ఇచ్చే మోతాదు వేరు, కడుపు నాడుల తీవ్రత తగ్గించడానికి ఇచ్చేది అందులో చాలా తక్కువ, రాత్రిపూట 10 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు. బ్రిటన్‌లో 463 మంది ఐబీఎస్ రోగుల మీద 10 నుంచి 30 మిల్లీగ్రాముల మోతాదుతో చేసి 2023లో ప్రచురించిన పరిశోధనలో మందు లేని ఉత్తుత్తి మాత్ర కంటే ఇది బాగా పనిచేసింది. చివరికి వేసుకోవడం మొదలుపెట్టాక నాకు నెలన్నరకి నొప్పి సగమైంది. నోరు ఎండిపోవడం, పొద్దున మత్తు ఉంటాయి, మలబద్ధకం ఉన్నవాళ్లకి అంతగా పడదు. డాక్టరు చెప్పకుండా మాత్రం వేసుకోకండి.

చివరికి నాకు పెట్టిన పేరు ఇన్ఫెక్షన్ తర్వాత వచ్చే ఐబీఎస్. ఇది ఏమీ దొరక్కపోతే పడేసే పేరు కాదు, దానికి లెక్క ఉంది. గత మూడు నెలల్లో సగటున వారానికి కనీసం ఒకరోజు నొప్పి ఉండాలి. ఆ నొప్పికి విరేచనంతో గానీ, ఎన్నిసార్లు వెళ్తున్నామన్న దానిలో మార్పుతో గానీ, మలం తీరులో మార్పుతో గానీ, ఈ మూడింటిలో కనీసం రెండింటితో సంబంధం ఉండాలి. మొదలై ఆరు నెలలు దాటాలి. అయితే నా కుడి పక్కటెముక కింద వచ్చే నొప్పి ఈ లెక్కలో ఇమడదు. దానికి ఈ రోజుకీ పేరు లేదు.

తిండి విషయం. ఫోడ్‌మ్యాప్ పద్ధతి విని ఉంటారు. మెల్‌బోర్న్‌లోని మొనాష్ యూనివర్సిటీవాళ్లు తయారుచేశారు. పేగులో పులిసి గ్యాస్ చేసే పిండిపదార్థాలను రెండు నుంచి ఆరు వారాలు మానేసి, తర్వాత ఒక్కొక్కటీ తిరిగి తిని చూడాలి. నేను మొదటి దశలోనే పద్నాలుగు నెలలు ఉండిపోయాను, భయంతో. ఆరు కిలోలు తగ్గాను. తిరిగి తినడం మొదలుపెడితే తేలిందేమిటంటే, నాకు పడనివి పాలు, ఉల్లిపాయ, అంతే. మిగతావన్నీ ఊరికే మానుకున్నాను. వీలైతే డైటీషియన్ని పక్కన పెట్టుకునే చేయండి.

బరువు కావాలని తగ్గించుకోకుండానే తగ్గుతున్నా, మలంలో రక్తం పడినా, నిద్రలోంచి లేపేంత విరేచనాలైనా, రక్తహీనత వచ్చినా, మింగడం కష్టమైనా, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ ఉన్నా, పాత నార్మల్ రిపోర్టుల మీద ఆధారపడకండి. వెంటనే వెళ్లండి.

ఇంట్లోవాళ్ల సంగతి. "ఇవాళ తగ్గిందా?" అని రోజూ అడిగేవారు. లేదని చెప్పి చెప్పి నాకే ఏదో తప్పు చేసినట్టు ఉండేది. ఇప్పుడు పొద్దున్నే పదికి ఎంతో ఒక అంకె చెప్తాను. ఆరు దాటితే ఆ రోజు నన్నెవరూ బయటికి రమ్మనరు. మూడంటే మామూలుగా ఉంటాం. దీనివల్ల ఇంట్లో వాదనలు చాలా తగ్గాయి.

ఒక్కటి ఈ రోజే చేయండి. మీ కొలొనోస్కోపీ రిపోర్టు తీసి, బయాప్సీ తీసినట్టు రాశారేమో చూడండి. మైక్రోస్కోపిక్ కొలైటిస్ అనే జబ్బులో పేగు పైకి పూర్తిగా నార్మల్‌గానే కనిపిస్తుంది, ముక్క తీసి మైక్రోస్కోప్ కింద చూస్తేనే బయటపడుతుంది. దానికి మందులున్నాయి. బయాప్సీ తీసి ఉండకపోతే, ఈసారి వెళ్లినప్పుడు కాగితం మీద రెండో పక్క మొదట రాయాల్సింది అదే.