అటెస్టేషన్ ఫారంలో పాత కేసు రాయాలా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. 2021లో పొలం గట్టు తగాదాలో నా మీద, మా చిన్నాన్న కొడుకు మీద భారత శిక్షాస్మృతి 341 (అక్రమంగా అడ్డగించడం), 323 (కొట్టి గాయపరచడం) సెక్షన్ల కింద కేసు పెట్టారు. మరుసటి ఏడాది లోక్ అదాలత్‌లో రాజీ అయింది. ఇప్పుడు విశాఖలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగానికి ఎంపికయ్యాను. ఒడిశా కేసు అక్కడ ఎవరికీ తెలియదని, పూర్వాపరాల విచారణ కోసం నింపే అటెస్టేషన్ ఫారంలో పాత కేసులున్నాయా అన్నచోట ‘లేదు’ అని రాయమని స్నేహితులంటున్నారు. లా పూర్తి చేసిన ఆ తమ్ముడు న్యాయవాదిగా నమోదు కావడానికి ఈ కేసు అడ్డమవుతుందా?
– ఒక పాఠకుడు

జవాబు: ‘అవును’ అనే రాయండి. గట్టు తగాదా లేని ఊరు మన సరిహద్దులో వెదికినా దొరకదు కాబట్టి, ఆ కేసు కంటే దాన్ని దాచడమే మీకు ఎక్కువ చేటు చేస్తుంది. మీ మీద పెట్టిన రెండు సెక్షన్లూ రాజీ చేసుకోదగినవే. చట్టప్రకారం రాజీ నిర్దోషిగా విడుదలైనదానితో సమానం. అయితే ఫారం అడిగేది శిక్ష పడిందా అని మాత్రమే కాదు, ఎప్పుడైనా అరెస్టయ్యారా, ప్రాసిక్యూషన్ ఎదుర్కొన్నారా అని కూడా. స్నేహితులు ఈ తేడాను గమనించినట్టు లేదు. పైగా గత అయిదేళ్లలో ఏడాదికి మించి నివసించిన చోట్లన్నీ అందులో రాయాలి కనుక, విచారణ ఎటూ గజపతి జిల్లా పోలీసులకే వెళ్తుంది.

అవతార్ సింగ్ కేసులో 2016 జులై 21న సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం, అభ్యర్థి ఇచ్చే సమాచారం నిజమై ఉండాలని, చిన్నపాటి నేరాన్ని దాచిన సందర్భంలో యజమాని తన విచక్షణతో ఆ లోపాన్ని ఉపేక్షించవచ్చని చెప్పింది. ఉపేక్షించి తీరాలని చెప్పలేదు. నిజం చెప్పినా నియామకం తప్పనిసరి కాదని, పూర్వాపరాలను పరిశీలించే హక్కు యజమానికి ఉంటుందని కూడా అదే తీర్పు అంటుంది. అందుకే ఎఫ్‌ఐఆర్, ఛార్జిషీటు, లోక్ అదాలత్ అవార్డు (రాజీ ఉత్తర్వు)ల సర్టిఫైడ్ నకళ్లను, అవి ఒడియాలో ఉంటే ఇంగ్లిష్ అనువాదంతో సహా, ఫారంతో పాటే జతచేయండి.

ఇక మీ తమ్ముడి విషయం. న్యాయవాదుల చట్టం 24ఎ సెక్షన్ ప్రకారం నమోదుకు ప్రధానంగా అడ్డు వచ్చేది నైతిక పతనంతో కూడిన (మోసం, దొంగతనం లాంటి) నేరంలో పడిన శిక్ష. అదికూడా విడుదలైన రెండేళ్ల తర్వాత అడ్డుగా ఉండదు. రాజీతో ముగిసిన కేసులో శిక్షే లేదు. దరఖాస్తులో పాత కేసుల గురించి అడిగితే మాత్రం అతనూ ఉన్నదున్నట్టు రాయాలి.