పాచి వేరు, గార వేరు, మచ్చ వేరు

పళ్లు, చిగుళ్ల గురించి పాఠకులు రాసిన ఉత్తరాలకు దంత వైద్యుల జవాబులు

ప్రశ్న: మాది మర్రిగూడ దిక్కు. చిన్నప్పటి సంది బోరు నీళ్లే తాగి పెరిగినం. నా ముందు పండ్ల మీద గోధుమ రంగు చారలున్నయి. పోతాయేమోనని ఏడాదిగా ఇటుక పొడి, బొగ్గు, ఉప్పు మార్చి మార్చి తోమిన. చారలు పోలేదు గని ఇప్పుడు సల్ల నీళ్లు తాగితే జివ్వుమంటున్నయి. మా పాపకు రెండేండ్లు. దానికి కూడా ఇట్లనే వస్తయా? పేస్టుల కూడా ఫ్లోరైడ్ ఉంటదంటరు గదా, వాడొచ్చా?
– ఒక తల్లి, నల్లగొండ జిల్లా

జవాబు: అమ్మా, ఇటుక పొడి, బొగ్గు ఈ రోజుతోనే ఆపేయండి. మీ పళ్లు మురికి పట్టి రంగు మారలేదు. పన్ను పైన పేరుకునేవి రెండు. మెత్తగా, తెల్లగా, గోటితో గీకితే వచ్చేసేది పాచి. ఆ పాచికే లాలాజలంలోని సున్నం పట్టి రాయిలా గట్టిపడితే గార. మీకున్నది ఈ రెండూ కాదు, పన్ను లోపలి మచ్చ. చిన్నతనంలో పన్ను ఇంకా చిగురు కింద తయారవుతున్నప్పుడే, తాగిన నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పన్ను పై పొర, అంటే ఎనామిల్, సరిగా గట్టిపడలేదు. అందుకే పైపైన ఎంత తోమినా అది పోదు.

అద్దం ముందు నిలబడి పై పెదవి ఎత్తి చూసుకోండి. కుడి ముందు పన్ను మీద చార ఎంత ఎత్తున ఉందో, ఎడమ పక్కన దాని జత పన్ను మీద కూడా ఇంచుమించు అంతే ఎత్తున ఉంటుంది. రెండు పళ్లూ ఒకే కాలంలో తయారయ్యాయి కాబట్టి దెబ్బ కూడా ఒకే చోట పడింది. గార అలా జతగా రాదు, చిగురు అంచు వెంట పేరుకుంటుంది. గోరు ఆనించి గీస్తే గార గరుకుగా తగులుతుంది. పన్ను మీద గుంటలు పడనంత వరకు ఫ్లోరైడ్ చార మీద గోరు నున్నగా జారిపోతుంది.

జివ్వుమనడానికి కారణం ఇటుక పొడే. ఎనామిల్ పన్ను కొసన మందంగా, చిగురు దగ్గర చాలా పలుచగా ఉంటుంది. గరుకు పొడితో అడ్డంగా రుద్దితే ఆ పలుచటి చోట అరిగి, కింది పొర బయటపడుతుంది. ఆ పొర నిండా సన్నటి గొట్టాలుంటాయి, చల్లదనం వాటి గుండా నరం దాకా పోతుంది. అరిగిన ఎనామిల్ మళ్లీ పెరగదు. అందుకని మెత్తటి బ్రష్, పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టు తీసుకుని రెండు పూటలా వాడండి. రాత్రి తోముకున్నాక అదే పేస్టు కొద్దిగా వేలితో జివ్వుమనే చోట రాసి, ఒకటి రెండు నిమిషాలాగి ఉమ్మేయండి. గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మూడో రోజుకే పనిచేయలేదని మానేసేవాళ్లే ఎక్కువ. పచ్చి పులుసో, చింతకాయ తొక్కో తిన్న వెంటనే తోముకోవద్దు. పులుపుకు ఎనామిల్ కాసేపు మెత్తబడి ఉంటుంది. నీళ్లు పుక్కిలించి అరగంట ఆగండి. నెల దాటినా తగ్గకపోతే అరిగిన చోట సిమెంటు నింపించుకోవాలి.

మచ్చలకు క్లినిక్‌లోనే వైద్యం. గోధుమ చారలు లోతుగా లేకపోతే పై పొరను మందుతో అతి పలుచగా తీసేస్తారు, చాలామందికి దానితోనే బాగా తగ్గుతుంది. గుంటలు పడితే పన్ను రంగులో ఉండే కాంపోజిట్ అనే పదార్థం పూస్తారు. క్యాపులు చివరి మాట. మొదటి రోజే ముందు పళ్లన్నీ అరగదీసి క్యాపులు వేద్దామని ఎవరైనా అంటే, ఒప్పుకునే ముందు ఇంకొక డాక్టరుకు చూపించండి. అరగదీసిన పన్ను తిరిగి రాదు. నార్కట్‌పల్లిలోనూ మహబూబ్‌నగర్‌లోనూ దంత వైద్య కళాశాలల ఆసుపత్రులున్నాయి, హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది.

ఇక పాప సంగతి. మీరు అడిగినవాటిలో నిజంగా తొందరపడాల్సింది ఇదే. రాబోయే శాశ్వత ముందు పళ్ల ఎనామిల్ బిడ్డ పుట్టిన మూడు నాలుగు నెలలకు మొదలై నాలుగైదేళ్ల వరకు తయారవుతుంది. అందులోనూ మొదటి మూడేళ్లు ముఖ్యం. ఎనిమిదేళ్లు దాటాక, జ్ఞానదంతాలు తప్ప, పళ్లకు కొత్తగా మచ్చ రాదు. ఎముకలకు వచ్చే ఫ్లోరోసిస్‌కు మాత్రం ఈ హద్దు లేదు, అది పెద్దవాళ్లకూ వస్తుంది. కాబట్టి ఇంటిల్లిపాదీ తాగడానికే కాదు, అన్నం, పప్పు వండడానికి కూడా మిషన్ భగీరథ పథకం నల్లా నీళ్లే వాడండి. అన్నం ఉడికేటప్పుడు నీళ్లతో పాటు ఫ్లోరైడ్‌నూ పీల్చుకుంటుంది. నల్లా రాని రోజు బోరు నీళ్లు మరిగిస్తే చాలనుకోవద్దు. మరిగిస్తే ఆవిరయ్యేది నీళ్లే, మిగిలిన నీళ్లలో ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. బట్టతో వడగట్టినా, క్యాండిల్ ఫిల్టరులో పోసినా పోదు. ఆర్వో తగ్గిస్తుంది.

నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దిక్కు లేనప్పుడు 1.5 వరకు అని మన దేశ ప్రమాణం. బోరు మీద అనుమానముంటే శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో పట్టి పరీక్షకు పంపండి, గాజు సీసా వద్దు. కొందరు బిందెలో పటిక తిప్పుతుంటారు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతి నిజంగానే ఉంది. నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ దాన్ని రూపొందించి మన నల్లగొండ పేరే పెట్టింది. కానీ ఎంత పటిక వేయాలన్నది నీళ్లలోని ఫ్లోరైడ్, క్షారతలను బట్టి మారుతుంది. లెక్క తెలియకుండా చేతి అంచనాతో వేస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు మాత్రం పాడవుతాయి.

పేస్టు వేరు, నీళ్లు వేరు. మచ్చ తెచ్చేది మింగిన ఫ్లోరైడ్. పేస్టులోది పన్ను పైన పనిచేసి పుచ్చిపోకుండా కాపాడుతుంది. మీరు నిశ్చింతగా వాడొచ్చు, తోముకుని ఉమ్మేస్తారు కాబట్టి. రెండేళ్ల పిల్లకు ఉమ్మడం రాదు. ఇంట్లో ఇంకా బోరు నీళ్లే తాగుతుంటే ఆరేళ్లు నిండేదాకా ఫ్లోరైడ్ లేని పేస్టే మేలు. నల్లా నీళ్లకు మారితే మూడేళ్ల వరకు బియ్యపు గింజంత, ఆపైన ఆరేళ్ల వరకు బఠాణీ గింజంత ఫ్లోరైడ్ పేస్టు మీ చేత్తోనే పెట్టి, మీరే తోమించండి. పేస్టులో ఫ్లోరైడ్ ఎంతుందో ట్యూబు మీద పీపీఎం లెక్కలో రాసి ఉంటుంది. ప్రకటనల్లో చూపించినట్టు బ్రష్ పొడుగునా వేయాల్సిన పని పెద్దలకూ లేదు.

ప్రశ్న: నాకు 46 ఏండ్లు, షుగర్ ఉంది. బ్రష్ చేస్తే ఎడమ దిక్కు చిగుళ్ల నుంచి రక్తం వస్తుంది. అందుకని రెండు నెలల సంది ఆ దిక్కు బ్రష్ పెడతలేను. ఇప్పుడు నోరు వాసన కూడా వస్తుంది. గార తీయిద్దామంటే, తీస్తే పండ్లు వదులైతయని మావోళ్లు అంటున్నరు. ఏం చెయ్యాలె?
– ఒక పాఠకుడు, నాగర్‌కర్నూల్

జవాబు: రక్తం వస్తోందని బ్రష్ ఆపితే ఆ రక్తం ఇంకా పెరుగుతుంది. చిగురు అంచున పాచి నిలిచిపోయి, అందులోని సూక్ష్మజీవులతో చిగురు వాచి, ముట్టుకుంటేనే రక్తం కారుతోంది. పాచి తీయకపోతే వాపు తగ్గే దారి లేదు. ఆరోగ్యంగా ఉన్న చిగురు పన్నుకు అతుక్కుని పలుచటి అంచుతో గట్టిగా ఉంటుంది. వాచిన చిగురు ఎర్రగా, నున్నగా మెరుస్తూ, అంచు ఉబ్బి ఉంటుంది. మీ కుడి పక్కనూ ఎడమ పక్కనూ అద్దంలో పోల్చి చూసుకోండి, తేడా మీకే తెలుస్తుంది.

ఇవాళ రాత్రే ఆ పక్కన మొదలుపెట్టండి. చిన్న తల ఉన్న మెత్తటి బ్రష్ తీసుకోండి. కుచ్చును సగం పన్ను మీద, సగం చిగురు మీద ఆనేట్టు చిగురు వైపు వాల్చి పెట్టండి. ముందుకూ వెనక్కూ సగం పన్ను వెడల్పు మించకుండా పది సార్లు సన్నగా కదిలించి, కుచ్చును పన్ను కొస వైపు తిప్పేయండి. రెండేసి మూడేసి పళ్ల చొప్పున జరుగుతూ బయటి వైపంతా అయ్యాక లోపలి వైపు, చివరగా నమిలే వైపు. కింది ముందు పళ్ల లోపలి వైపుకు బ్రష్‌ను నిలువుగా పట్టుకోవాలి. అందరూ వదిలేసే చోటు అదే, గార అన్నిటికంటే ముందు పట్టేదీ అక్కడే. నాలుక కింద లాలాజలం ఊరే రంధ్రాలు సరిగ్గా అక్కడే ఉన్నాయి మరి. మొత్తానికి రెండు నిమిషాలు పట్టాలి. బ్రష్‌ను మూడు వేళ్లతో పెన్ను పట్టినట్టు పడితే బలం ఎక్కువ పడదు.

పళ్ల సందుల్లోకి బ్రష్ పోదు. మందుల షాపులో దొరికే దంతాల దారం మూరెడు తెంపి, రెండు నడిమి వేళ్లకు చుట్టండి. సందులోకి మెల్లగా దించి, ఒక పన్నును కావిలించుకున్నట్టు వంపు తిప్పి, చిగురు అంచు నుంచి పైకి నాలుగైదు సార్లు లాగండి. తరువాత పక్క పన్నుకు కూడా అలాగే. రంపం కోసినట్టు లాగితే చిగురు తెగుతుంది. పిన్నీసు, చీపురు పుల్ల అసలు వద్దు. రోజుకొకసారి, రాత్రి పూట చాలు. నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది కాబట్టి రాత్రి తోముడే ముఖ్యం, తోమాక నీళ్లు తప్ప ఏమీ ముట్టొద్దు.

మొదటి నాలుగైదు రోజులు రక్తం వస్తూనే ఉంటుంది, భయపడొద్దు. రెండు వారాల్లో తగ్గుముఖం పట్టాలి. పట్టలేదంటే లోపల గార ఉన్నట్టే. గారను ఏ బ్రషూ, ఏ పొడీ తీయలేదు, డాక్టరు గీకి తీయాల్సిందే. అది తీస్తే పళ్లు వదులైనట్టు ఎందుకనిపిస్తుందంటే, ఎముక కరిగి అప్పటికే వదులైన పళ్లను గార గోడలా పట్టి ఉంచుతుంది. అది పోగానే అసలు సంగతి బయటపడుతుంది. వాపు తగ్గి సందులు కనిపిస్తాయి, కొన్ని రోజులు చల్లటివి తగిలితే జిల్లుమంటుంది. పన్నును వదులు చేసింది గార తీయించడం కాదు, తీయించకుండా గడిపిన ఏళ్లు. అప్పుడు డాక్టరు సన్నటి కడ్డీతో చిగురు లోతు కొలుస్తారు. 3 మిల్లీమీటర్ల లోపు ఉంటే మంచిదే. అంతకంటే లోతుంటే చిగురు కింద కూడా శుభ్రం చేయించుకోవాలి.

షుగర్ ఉన్నవారికి చిగుళ్ల జబ్బు ముదరడం ఎక్కువ, ముదిరితే షుగర్ అదుపులోకి రావడమూ కష్టం. మూడు నెలల సగటు షుగర్ రిపోర్టు వెంట తీసుకెళ్లండి. రక్తం పలుచబడే మాత్ర వాడుతుంటే ముందే చెప్పండి, మీ అంతట మీరు ఆపొద్దు. బ్రష్ ముట్టకుండానే చిగుళ్ల నుంచి రక్తం కారుతూ, జ్వరమో ఒంటి మీద ఎర్ర మచ్చలో ఉంటే అది పళ్ల డాక్టరు పని కాదు, అదే రోజు పెద్దాసుపత్రికి పోవాలి.

ప్రశ్న: మా తాత 80 ఏండ్లదాకా యాప పుల్లతోనే తోముకున్నడు, పండ్లన్నీ ఉన్నయి. బ్రష్ తప్పనిసరా?
– దేవరకొండ నుంచి ఒక విద్యార్థి

జవాబు: వేప పుల్ల మంచిదే, సరిగా వాడితే. చిటికెన వేలంత లావు పచ్చి పుల్ల తీసుకుని, కొసను అంగుళం మేర నమిలి కుచ్చులా మెత్తబడ్డాకే తోమాలి. చాలామంది సరిగా నమలకుండానే రుద్దుతారు, చిగురు గీసుకుపోయి కిందికి జారుతుంది. లోపలి వైపుకూ, వెనక దవడ పళ్లకూ పుల్ల సరిగా అందదు. అందుకని పొద్దున పుల్ల, రాత్రి బ్రష్, ఫ్లోరైడ్ పేస్టు అనుకోండి. తాతగారి కాలంలో పూటకో బిస్కెట్ ప్యాకెట్, చల్లటి కూల్‌డ్రింకు లేవన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ప్రశ్న: ఏడేండ్ల సంది గుట్కా తింట. ఈ మధ్య కారం అసలు తినలేకపోతున్న, నోరంత మండుతది. పేస్టు మారిస్తే తగ్గుతదా?
– నారాయణపేట జిల్లా

జవాబు: తగ్గదు తమ్ముడూ. మీ చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరం వేలు ఒకదాని మీద ఒకటి పేర్చి, పై కింది ముందు పళ్ల మధ్య నిలువుగా పెట్టి చూడండి. మూడు వేళ్లూ పట్టకపోతే నోరు తెరుచుకోవడం తగ్గినట్టు. వక్క వల్ల బుగ్గ లోపలి పొర గట్టిపడి, తెల్లబడి, నార కట్టినట్టవుతుంది, కారం మంట దానికి మొదటి గుర్తు. ఈ మార్పు క్యాన్సర్‌కు దారి తీయొచ్చు. గట్టిపడిన పొర పూర్తిగా మామూలు కాదు గానీ, గుట్కా, వక్క ఈ రోజు ఆపితే ముదరడం ఆగే అవకాశం బాగా ఉంటుంది. బుగ్గ లోపల గీకినా పోని తెల్ల మచ్చ గానీ ఎర్ర మచ్చ గానీ, రెండు వారాలు దాటినా మానని పుండు గానీ ఉంటే ఈ వారమే చూపించుకోండి, నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు. ఇంకో మాట. బీడీ, సిగరెట్ కూడా తాగేవారికి చిగుళ్ల జబ్బు ఉన్నా రక్తం తక్కువ కనిపిస్తుంది, దాన్ని చూసి చిగుళ్లు బాగున్నాయనుకోకూడదు. మానడానికి సాయం కావాలంటే 1800-11-2356కు ఫోన్ చేయండి, పైసా ఖర్చు లేదు.

ప్రశ్న: రాత్రి పూట పిప్పి పన్ను నొప్పి లేస్తే తెల్లారే దాకా ఏం చెయ్యాలె?
– కల్వకుర్తి

జవాబు: గ్లాసు గోరువెచ్చటి నీళ్లలో అర చెంచా ఉప్పు కలిపి పుక్కిలించండి, పిప్పిలో ఇరుక్కున్న అన్నం మెతుకు పోతేనే సగం నొప్పి తగ్గుతుంది. ఎప్పుడూ వాడే నొప్పి మాత్ర ఉంటే మింగండి. దాన్ని నలిపి పన్ను పక్కన పెట్టొద్దు, చిగురు కాలి తెల్లగా ఊడుతుంది. లవంగ నూనె దూదితో పిప్పిలోకే అద్దాలి, చిగురుకు తగలనీయొద్దు. బయట వేడి కాపడం వద్దు, చీముంటే వాపు పెరుగుతుంది. తల కింద రెండు దిండ్లు పెట్టుకుంటే గుంజుడు కొంత తగ్గుతుంది. దవడ వాచి మింగలేకపోయినా, నోరు తెరవలేకపోయినా తెల్లారే దాకా ఆగకుండా ఆసుపత్రికి బయలుదేరండి.