జపంలో ఒళ్లు వణుకుతోంది, గుండె దడగా ఉంటోంది... మంత్రసిద్ధి లక్షణమేనా?

ప్రశ్న: నా వయసు 47. ఐదేళ్లుగా బీపీకి మెటోప్రొలాల్ వాడుతున్నాను. మనసుకు నిలకడ, యోగశక్తి రావాలని పంచాక్షరీ మంత్రంతో మండల దీక్ష పట్టాను. రాత్రి పదకొండింటికి పడుకుని తెల్లవారుజామున మూడింటికి లేస్తాను. ముందు భస్త్రిక (గబగబా ఊపిరి తీసి వదిలే ప్రాణాయామం) చేసి, తర్వాత ఊపిరి బిగబట్టి జపం చేస్తాను. వారం రోజులుగా పెదాల చుట్టూ, వేళ్ల కొసల్లో తిమ్మిర్లు, ఒంట్లో వణుకు, గుండె దడ వస్తున్నాయి. శక్తి మేల్కొంటున్న గుర్తులని తోటి సాధకులు అంటున్నారు. మాలల సంఖ్య పెంచవచ్చా? జపం అయ్యాక బీపీ 126/80 ఉంటోంది కాబట్టి పది రోజుల కిందట మాత్ర ఆపేశాను.
– ఒక పాఠకుడు

సమాధానం: మాత్ర ఆపిన సంగతి మీరు చివర్లో ఒక్క ముక్కలో చెప్పి వదిలేశారు. నన్ను కలవరపెట్టింది అదే. మాత్ర ఆపి పది రోజులైంది, దడ మొదలై వారమైంది. మాలల విషయం తర్వాత చూద్దాం.

మెటోప్రొలాల్ బీటా బ్లాకర్ రకం మందు. అడ్రినలిన్ గుండెను పరుగెత్తించకుండా అడ్డుపడుతుంది. ఏళ్ల తరబడి అలా అడ్డుకున్నాక ఉన్నట్టుండి మందు తీసేస్తే, మామూలు మోతాదు అడ్రినలిన్‌కే గుండె అతిగా స్పందిస్తుంది. దడ, వణుకు, చెమటలు, బీపీ ఎగబాకడం, ఛాతీలో నొప్పి రావచ్చు. గుండె రక్తనాళాల్లో పూడికలు ఉన్నవాళ్లకు గుండెపోటు ముప్పు కూడా ఉంది. పూడికలు ఉన్నట్టు చాలామందికి ముందుగా తెలియదు. అందుకే ఈ మందు మాన్పించాల్సి వస్తే ఒకటి రెండు వారాల్లో మోతాదు తగ్గించుకుంటూ వస్తాం. మిమ్మల్ని పరీక్షించకుండా మీ దడకు కారణం ఇదేనని తేల్చి చెప్పలేను. థైరాయిడ్, రక్తహీనత, గుండె లయ తప్పడం లాంటివీ చూడాలి. కానీ నా మొదటి అనుమానం మాత్ర మీదే.

జపం తర్వాత 126/80 ఉందంటే జబ్బు పోయిందని కాదు. ప్రశాంతంగా కూర్చుని లేచాక ఎవరికైనా బీపీ కొంత తగ్గే కనిపిస్తుంది. మిగతా రోజంతా ఎలా ఉంటోందన్నది ముఖ్యం. ఉదయం, సాయంత్రం ఐదు నిమిషాలు కుర్చీలో ఆనుకుని కూర్చున్నాక, నిమిషం తేడాతో రెండుసార్లు చూసి, వారం పాటు కాగితం మీద రాయండి. మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎంతోమంది ‘నార్మల్‌కి వచ్చింది కదా’ అని మందు మానేస్తారు. నార్మల్‌కి వచ్చింది ఆ మందు వల్లే! దీక్ష పేరుతో, ఉపవాసం పేరుతో, ఎవరో చెప్పారని మందులు ఆపేయడం దయచేసి మానండి. అలా ఆపి పక్షవాతంతో వచ్చినవాళ్లకు వైద్యం చేసినవాణ్ని కాబట్టి కాస్త గట్టిగానే చెబుతున్నాను.

అలాగని ఇప్పుడు పాత మోతాదు మీ అంతట మీరే మొదలుపెట్టకండి. ఈరోజే మీ డాక్టర్‌కు ఫోన్ చేయండి. నాడి, బీపీ, ఈసీజీ చూసి ఏ మోతాదుతో మొదలుపెట్టాలో వారు చెబుతారు. ఈలోగా ఛాతీలో బరువు, ఆయాసం, స్పృహ తప్పడం, మాట తడబడటం, ఒక పక్క బలహీనత వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయండి.

ఇక పెదాల చుట్టూ తిమ్మిర్ల సంగతి. భస్త్రికలో గబగబా ఊపిరి తీసి వదిలినప్పుడు రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది. దాంతో రక్తం క్షారగుణం వైపు మొగ్గి, నరాలకు అందే కాల్షియం తగ్గుతుంది. అప్పుడే పెదాలు, వేళ్ల కొసలు జివ్వుమంటాయి, తల తేలిపోతుంది, ఒక్కోసారి వేళ్లు కొంకర్లు పోతాయి. ఊపిరి నెమ్మదించాక కాసేపటికి సర్దుకుంటుంది. పైగా గట్టిగా బిగబట్టినప్పుడు బీపీ పైకీ కిందికీ ఊగుతుంది. బీపీ, గుండె జబ్బు, గ్లాకోమా (కంటి నరాన్ని దెబ్బతీసే జబ్బు) ఉన్నవాళ్లు, గర్భిణులు పర్యవేక్షణ లేకుండా భస్త్రిక, కుంభకం (ఊపిరి బిగబట్టడం) చేయకూడదు. మీరు రెండూ ఆపండి.

జపం ఆపమని నేను చెప్పను. మంత్రం నింపాదిగా ఉచ్చరిస్తే శ్వాస దానంతట అదే నెమ్మదిస్తుంది. ‘ఓం మణి పద్మే హుం’ జపం మీద ఇటలీ పరిశోధకులు చేసిన అధ్యయనం 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఆ జపంలో శ్వాస నిమిషానికి ఆరుసార్ల దగ్గరికి వచ్చిందని, బీపీని సరిదిద్దుకునే నాడీ వ్యవస్థ స్పందన మెరుగుపడిందని అందులో తేలింది. మీరు కోరుకుంటున్న నిలకడకు అది దగ్గరి దారి. ఊపిరి బిగించకుండా, ‘నమః శివాయ’ అన్నంతసేపూ గాలి మెల్లగా బయటికి పోనివ్వండి చాలు. కాళ్లు మొద్దుబారితే కుర్చీలో కూర్చోండి, తప్పేం లేదు.

సిద్ధి లక్షణమా అని అడిగారు. అది తేల్చే అర్హత నాకు లేదు. అయితే పతంజలి యోగసూత్రాల మొదటి పాదంలో ఒళ్లు వణకడాన్ని, శ్వాస క్రమం తప్పడాన్ని చిత్తవిక్షేపంతో (మనసు చెదరడంతో) పాటు వచ్చేవాటిలోనే చెప్పారు, సిద్ధుల్లో కాదు. మీ తోటి సాధకులకు ఇది చూపించండి. ఇక నాలుగు గంటల నిద్రతో నిలకడ రాదు. నిద్ర లేమి కూడా బీపీని, దడను పెంచుతుంది. తొమ్మిదింటికే పడుకోలేకపోతే జపాన్ని ఆరింటికి మార్చుకోండి.

మీ ఇంట్లోవాళ్లకు ఒక మాట. ఆయన నిద్ర అక్కర్లేదన్నా, ఆగకుండా మాట్లాడుతున్నా, ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపిస్తోందన్నా, తనకు మహాశక్తులు వచ్చాయన్నా దీక్ష పూర్తయ్యేదాకా ఆగకండి. మానసిక వైద్యుడికి చూపించండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. మీకు అలా ఉందని నేను అనడం లేదు, ఉత్తరంలో ఆ ప్రస్తావన లేదు. కానీ ఇలాంటి కేసుల్లో ఆలస్యం చాలా నష్టం చేస్తుంది.

మాలలు ఇప్పుడు పెంచకండి. నాడి, బీపీ కుదుటపడ్డాక మీ డాక్టర్‌ని అడిగి నిర్ణయించుకోండి. వెళ్లేటప్పుడు పాత చీటీలు, మిగిలిన మాత్రల స్ట్రిప్, బీపీ రాసిన కాగితం తీసుకెళ్లండి. ఐదేళ్ల కిందట ఈ మందే ఎందుకు ఎంచుకున్నారో కూడా అడగండి. గుండెకు సంబంధించిన కారణం ఏదైనా ఉంటే అది మీకు తెలిసి ఉండాలి.