ఇంగ్లిష్ సందేహాలు: క్రియ పక్కనున్నదల్లా కర్త కాదు

ప్రశ్న: కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష ఎస్ఎస్‌సీ సీజీఎల్‌కు చదువుతున్నాను. వ్యాకరణ నియమాలన్నీ కంఠతా వచ్చు. అయినా 'ద క్వాలిటీ ఆఫ్ ద మ్యాంగోస్ వర్ నాట్ గుడ్' లాంటి వాక్యంలో తప్పు కంటికి ఆనడం లేదు. ఎందుకు?
– ఒక అభ్యర్థి, కరీంనగర్

జవాబు: తెలుగు వాక్యం నేర్పిన అలవాటు అది. 'మామిడిపళ్ల నాణ్యత బాగాలేదు' అంటాం. వివరణ ముందే అయిపోతుంది, అసలు కర్త 'నాణ్యత' క్రియను ఆనుకుని ఉంటుంది. ఇంగ్లిష్‌లో వరస తిరగబడి కర్త ముందు, వివరణ వెనక వస్తాయి. క్రియ పక్కన 'మ్యాంగోస్' కనబడేసరికి మన చెవి దానికే 'వర్' కలిపేస్తుంది. ప్రశ్నపత్రం రాసేవాళ్లు చేసేదల్లా ఈ దూరాన్ని ఇంకొంచెం సాగదీయడమే.

ముందు క్రియను చూడండి. వెంట్, కేమ్ లాంటి భూతకాలమైనా, కెన్, విల్, షుడ్‌లతో వచ్చినా ఏకవచన బహువచనాల తేడాయే ఉండదు. తప్పు వేరేచోట వెతకండి. ఈజ్–ఆర్, వాజ్–వర్, హ్యాజ్–హ్యావ్, డజ్–డూ, వర్తమానంలో ఎస్ చేరే క్రియలు ఉంటేనే ఈ గొడవ. అప్పుడు ఆఫ్, ఇన్, విత్‌లతో మొదలైన ముక్కనూ, రెండు కామాల మధ్య ఇరికించిన ముక్కనూ మనసులోనే కొట్టేయండి. 'ద క్వాలిటీ వర్' మిగులుతుంది. 'వాజ్' కావాలని వెంటనే తెలిసిపోతుంది.

కొట్టేయకూడని చోట్లు కూడా ఉన్నాయి. సమ్, ఆల్, మోస్ట్, హాఫ్, భిన్నాలు వస్తే ఆఫ్ తర్వాతి మాటే తేలుస్తుంది: 'టూ థర్డ్స్ ఆఫ్ ద వర్క్ ఈజ్', కానీ 'టూ థర్డ్స్ ఆఫ్ ద స్టూడెంట్స్ ఆర్'. 'ద నంబర్ ఆఫ్ స్టూడెంట్స్'కు ఈజ్, 'ఎ నంబర్ ఆఫ్ స్టూడెంట్స్'కు ఆర్.

ప్రశ్న: 'ద కలెక్టర్, అలాంగ్ విత్ త్రీ ఆఫీసర్స్' అన్నప్పుడు నలుగురు వచ్చారు కదా, 'హ్యావ్' ఎందుకు కాదు?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఇక్కడ తలలు లెక్కపెట్టకూడదు. యాండ్ ఒక్కటే ఇద్దరిని కలిపి బహువచనం చేస్తుంది. అలాంగ్ విత్, యాజ్ వెల్ యాజ్, టుగెదర్ విత్ ఏవీ చేయవు, కాబట్టి 'హ్యాజ్'. నైదర్–నార్, ఐదర్–ఆర్ దగ్గర మాత్రం క్రియకు దగ్గరున్నదే గెలుస్తుంది: 'నైదర్ ద టీచర్ నార్ ద స్టూడెంట్స్ ఆర్'.

ప్రశ్న: 'షీ ఈజ్ వన్ ఆఫ్ ద గర్ల్స్ హూ ప్లే కబడ్డీ' సరైనదేనా? వన్ ఉంది కదా!
– ఒక అభ్యర్థి, నల్గొండ

జవాబు: సరైనదే. కబడ్డీ ఆడే అమ్మాయిల్లో ఆమె ఒకతె. ఆడేది అమ్మాయిలు, హూ వాళ్లను పట్టుకుంది. మంచి రచయితలు కూడా అక్కడ 'ప్లేస్' రాస్తుంటారు గానీ పరీక్షలో ఆ సాహసం వద్దు. ముందు 'ద ఓన్లీ' చేరితే 'ద ఓన్లీ వన్ ఆఫ్ ద గర్ల్స్ హూ ప్లేస్' అవుతుంది. హూ లేని 'వన్ ఆఫ్ ద గర్ల్స్ ఈజ్ ఆబ్సెంట్'లో వన్‌కే క్రియ.

ప్రశ్న: అన్నయ్య వాడిన పాత జీమ్యాట్ (ఎంబీఏ ప్రవేశ పరీక్ష) పుస్తకాల్లోని సెంటెన్స్ కరెక్షన్ (వాక్యం సరిదిద్దే ప్రశ్నలు) చేయమంటారా?
– ఒక విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: జీమ్యాట్ కోసమైతే అక్కర్లేదు. 2023 నవంబరులో మొదలైన ఫోకస్ ఎడిషన్‌లో ఆ విభాగమే లేదు. అమెరికాలో డిగ్రీ ప్రవేశాలకు పెట్టే ఎస్ఏటీ రాస్తుంటే కర్త–క్రియ పొంతన ఇప్పటికీ అడుగుతారు. పాత పుస్తకంలో ఆ అధ్యాయం ఒక్కటి చేసి, ఇడియమ్స్ జాబితాలు వదిలేయండి.