ఇంజన్ సంగతి తరవాత, ముందు కారు కింద పడుకోండి

"మెకానిక్ పని రానివాడు ఇంట్లోనే పాత కన్వర్టిబుల్ (టాప్ తెరుచుకునే) కారుని బాగుచేసుకోగలడా? ఇంజన్‌తో మొదలుపెట్టాలా, బాడీతోనా?" అని అడిగారు.

చేసుకోగలడు. నేను చేసుకున్నాను. మాది బరంపురం, ఒడిశాలో గంజాం జిల్లా. బడిలో లెక్కలు చెప్పుకునేవాణ్ణి, నలభై దాటాక పానా పట్టాను. పని రాదన్న భయం మీకు అక్కర్లేదు. కానీ ఏ కారు అన్నది మీరు రాయలేదు. సగం జవాబు అందులోనే ఉంటుంది.

నాది స్టాండర్డ్ హెరాల్డ్, రెండు తలుపులది. మా మావగారి కారు. ఆయన కుర్రతనంలో సరదా పడి పైన ఇనుప టాప్ తీయించి కాన్వాస్ హుడ్ కుట్టించుకున్నారు. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన రాత్రి షెడ్డు రేకు ఊడి దాని మీద పడింది. హుడ్ చిరిగిపోయింది, ఫ్లోర్‌లో నీళ్ళు నిలిచాయి. ఆ తరవాత చాన్నాళ్ళు దాని మొహం చూసినవాళ్ళు లేరు. చివరికి పాత ఇనుము కొనేవాణ్ణి పిలుస్తుంటే నేను అడ్డం పడ్డాను. మా ఆవిడ ఇప్పటికీ ఆ రోజుని తలుచుకుని నన్ను ఏదో ఒకటి అంటుంది.

మావగారు ఆ టాప్‌ని కోయించలేదు, బోల్టులు విప్పించారు. హెరాల్డ్‌లో అది కుదురుతుంది. 1959లో ఇంగ్లండులో ఈ కారు వచ్చేనాటికి మిగతా కంపెనీలు ఛాసిస్ (కింద బరువు మోసే ఇనుప చట్రం) మానేసి, బాడీయే బరువంతా మోసే మోనోకాక్ పద్ధతికి వెళ్ళిపోతున్నాయి. హెరాల్డ్‌ని తెచ్చిన ట్రయంఫ్ కంపెనీవాళ్ళకి ఆ దారి దొరకలేదు. వాళ్ళకి బాడీలు చేసిపెట్టే 'ఫిషర్ అండ్ లడ్‌లో' అనే కంపెనీని పోటీదారైన బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) కొనేసుకుంది. మొత్తం బాడీ ఒకేచోట చేసిపెట్టే దిక్కు లేక ముక్కలు ముక్కలుగా చేయించి విడి ఛాసిస్ మీద బోల్టులతో బిగించారు. కారు రూపం గీసింది మికెలొట్టి అనే ఇటలీ ఆయన. 1961 నుంచి మన మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్ళు అదే కారుని తయారుచేశారు. ట్రయంఫ్ వాళ్ళ ఇబ్బందే ఇవాళ మనకి వరం. ఒక పెద్ద పానాల పెట్టె, ఇద్దరు మనుషులు ఉంటే ఈ కారు పెరట్లోనే విడిపోతుంది. బానెట్ చక్రాల మీది రెక్కలతో సహా ముందుకు లేస్తుంది, టైరు మీద కూర్చుని ఇంజన్ పని చేసుకోవచ్చు. ఇరవై అయిదు అడుగుల వలయంలో తిరిగిపోతుంది కాబట్టి మా సందులో రివర్స్ గోల కూడా లేదు.

టాప్ తీసే ఈ పని ఫియట్ పద్మినీకి చేయకండి. దానికి విడిగా ఛాసిస్ లేదు, టాప్ కూడా బరువు మోసే భాగమే. మా ఊళ్ళో ఒకాయన పెళ్ళి ఊరేగింపులకి అద్దెకిద్దామని ఫియట్ టాప్ కోయించాడు. ఇప్పుడు జాకీ పెడితే తలుపు తెరుచుకోదు, దింపితే మూసుకోదు. నడుం దగ్గర బండి కుంగిపోయింది. పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన రూపాన్ని అలా మార్చకూడదు. చెబితే, "మాస్టారూ, యూట్యూబ్‌లో అందరూ కోస్తున్నారు కదా" అంటాడు. యూట్యూబ్‌లో తలుపులు మూసి చూపించరు, అది గమనించండి.

ఇక మీ రెండో ప్రశ్న. ఇంజన్‌తో మొదలుపెట్టకండి. హెరాల్డ్‌ది 948 సీసీ ఇంజన్, నాలుగు సిలిండర్లు, దాచుకున్న రహస్యమేమీ లేదు. రింగులు, వాల్వులు, గాస్కెట్ల పని చేసే మనుషులు ఏ ఊళ్ళోనైనా ఉంటారు. అందరూ మాత్రం ఇంజన్ స్టార్టయితే చాలు సగం అయిపోయిందని వీడియో పెడతారు. స్టార్టయిన కారు కదులుతుంది, కదిలిన కారుని ఆపాలి, మలపాలి. కాబట్టి ముందు గట్టి స్టాండ్ల మీద కారుని నిలబెట్టి కింద పడుకోండి. జాకీని మాత్రం నమ్ముకుని పడుకోకండి. తుప్పు ఎక్కడుందో తెలియడానికి స్క్రూడ్రైవర్‌తో ఛాసిస్ పొడవునా పొడుస్తూ రండి. బాడీకి అయస్కాంతం పెట్టి చూడండి, అంటని చోటల్లా రంగు కింద పుట్టీ ఉందని లెక్క. సముద్రపు గాలి తగిలే మా ఊళ్ళో పుట్టీ మీద రంగు వేసి అమ్మేవాళ్ళు బోలెడుమంది.

అలా పడుకున్నప్పుడే ట్రనియన్ సంగతి వచ్చింది. ఇది రాయడానికే అసలు ఈ జవాబు మొదలుపెట్టాను.

హెరాల్డ్ ముందు చక్రాన్ని ఒక నిలువు ఉక్కు లింకు మోస్తుంది. దాని కింది కొసకి స్క్రూకి ఉన్నట్టు మరలుంటాయి. అవి ఒక ఇత్తడి దిమ్మలోకి దిగుతాయి, ఆ దిమ్మే ట్రనియన్. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా ఆ ఉక్కు ఆ ఇత్తడిలో తిరుగుతుంది. అందులో వేయాల్సింది గ్రీజు కాదు, గేర్ ఆయిల్, ఈపీ 90. గ్రీజు మరల సందుల్లోకి దిగదు, నీళ్ళు దిగుతాయి. ఉక్కు లోపల్లోపల తుప్పు పట్టి ఒకరోజు విరుగుతుంది, చక్రం మడత పడుతుంది.

వర్క్‌షాప్ మాన్యువల్‌లో ఇది స్పష్టంగా ఉంది. నాకు సాయం చేసే మిస్త్రీ పెద్దాయన, తెలుగాయనే. బాబాయ్ అని పిలుస్తాను. ఆ పొద్దున్న గ్రీజ్ గన్ నింపుకుని వచ్చి కూర్చున్నాడు.

"బాబాయ్, దీనికి గ్రీజు వద్దు, ఆయిల్."

"ఏటి మాస్టారూ! జీపులకి, లారీలకి, అంబాసిడర్లకి జీవితమంతా గ్రీజే కొట్టాను. దీనికొక్కదానికీ నూనేటి?"

"పుస్తకంలో ఉంది."

"పుస్తకం రాసినోడు మన వానలు చూశాడా?"

ఇంగ్లండులో వాన తక్కువని ఆయన నమ్మకం. వాదించి లాభం లేదని ఎడమవైపుది విప్పి చూద్దామన్నాను. ఎవరి మాట తప్పయితే వాళ్ళు అందరికీ బరా ఘుగునీ (గారెలు, బఠాణీ కూర) తినిపించాలి.

బోల్టు బుష్‌లో పట్టేసి ఉంది. వేడిచేసి, కొట్టి, మళ్ళీ వేడిచేసి, మధ్యలో మా ఆవిడ పక్కింటివాళ్ళు నిద్రపోతున్నారని కేకలేస్తే ఆపి, మొత్తానికి ఊడదీశాం. దిమ్మలోంచి లింకుని మర తిప్పి బయటికి తీస్తే పాత గ్రీజు మైనంలా గడ్డకట్టి పైమరల దగ్గరే ఉండిపోయింది. కింద మరలు ఎండిపోయి ఎర్రగా ఉన్నాయి. బాబాయ్ ఎమరీ పేపర్‌తో రుద్ది, ఎండలోకి తీసుకెళ్ళి, గోటితో గీసి చూశాడు. మరలు మొదలయ్యే చోట వెంట్రుకంత బీట. సుమారు సగం చుట్టు తిరిగి ఉంది.

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది గోపాల్‌పూర్ రోడ్డు మీద ఎక్కడో కూచుండిపోయేది" అన్నాడు. గన్‌లో గ్రీజంతా కక్కించి, కిరసనాయిలుతో కడిగి, ఈపీ 90 తనే నింపాడు. ట్రనియన్ ప్లగ్ తీసి నిపుల్ (ఆయిల్ ఎక్కించే చిన్న ముక్కు) పెట్టి ఆయిల్ ఎక్కించాలని పుస్తకం చూసి నేను చెబుతుంటే, పక్కనున్న కుర్రాడి వైపు తిరిగి, "ఒరేయ్, దీనికి గ్రీజు కొట్టావంటే చెయ్యి విరిచేస్తాను" అన్నాడు, పుట్టినప్పటినుంచీ తనకి తెలిసిన విషయంలా. ఘుగునీ డబ్బులు మాత్రం ఇవ్వలేదు.

నా అంచనాలో దేశంలో తిరుగుతున్న హెరాల్డుల్లో సగానికి పైగా గ్రీజు మీదే నడుస్తున్నాయి. మీ చేతికి ఏ హెరాల్డ్ వచ్చినా ముందు ఇది విప్పండి, తరవాతే రంగు గురించి కలలు కనండి. ఆ లింకుని లేత్ మీద చేయించుకోమని సలహాలిస్తారు, వినొద్దు. ఎడమదానికి కుడిదానికి మరలు ఎదురెదురు దిక్కులు, పైగా ఆ ఉక్కు వేరు. ఇంగ్లండులో కొత్తవి ఇంకా దొరుకుతున్నాయి, ఎందుకంటే స్పిట్‌ఫయర్‌కీ ఇదే పద్ధతి, లోటస్ ఎలాన్‌కి కూడా ట్రయంఫ్ లింకులే వాడారు. కస్టమ్స్ డ్యూటీ చూస్తే ఏడుపొస్తుంది, అయినా కొనండి.

పానాలు కూడా అంగుళాలవి కొనండి. 13 మిల్లీమీటర్ పానా అర అంగుళం నట్టుకి పట్టినట్టే ఉంటుంది, కానీ అర అంగుళమంటే 12.7. ఆ 0.3 మిల్లీమీటర్ల తేడాలోనే నట్టు మూలలు గుండ్రంగా అరిగిపోతాయి. బ్యాటరీ పెట్టేముందు పాజిటివ్ ఎర్తా, నెగటివ్ ఎర్తా చూసుకోండి, ఆ కాలం బ్రిటిష్ కార్లలో పాజిటివే బాడీకి ఉండేది. ఇప్పుడు బంకుల్లో వచ్చే ఈ20 (ఇరవై శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలు ఒకటి. పాత రబ్బరు పైపుల్ని, పంపు డయాఫ్రమ్‌ని మెత్తబరిచేస్తుంది. ఇథనాల్‌కి తట్టుకునే పైపులు ముందే మార్చుకోండి.

కాగితాల సంగతి. 2021 నియమాల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉన్న బండిని వింటేజ్‌గా రిజిస్టర్ చేయించుకోవచ్చు. కొత్త రిజిస్ట్రేషన్‌కి రూ. 20,000, పదేళ్ళ తరవాత మళ్ళీ చేయించుకుంటే రూ. 5,000, నంబరులో వీఏ అక్షరాలుంటాయి. రోజూ తిరగడానికి కుదరదు. ప్రదర్శనలకి, ర్యాలీలకి, పెట్రోలుకి, మరమ్మతుకి తీసుకెళ్ళొచ్చు. అసలు రూపం అన్నారు కాబట్టి మావగారు విప్పించిన ఇనుప టాప్‌ని నేను అటక మీద భద్రంగా ఉంచాను. మీకు కారుతోపాటు టాప్ కూడా ఇస్తామంటే బరువని వదిలేయకండి.

అద్దెకి తిప్పడం కూడా కుదరదు. ఇది మా బంధువులకి ఎక్కదు. మాఘమాసం వస్తే చాలు, "బావా, పెళ్ళికొడుకుని ఊరేగించాలి", "మావయ్యా, బీచ్‌లో ప్రీ వెడ్డింగ్ షూట్, గంటే". ఆ గంటలో చక్రాలు ఉప్పునీళ్ళలోకి దింపుతారు. ఇవ్వనంటే గర్వం అంటారు. అననివ్వండి.

హుడ్ మాత్రం ఆఖరున కుట్టించండి. తలుపులు, అద్దాలు, రబ్బర్లు అన్నీ కూర్చున్నాకే కొలతలు సరిగ్గా వస్తాయి. నాది కుట్టింది రిక్షా టాపులు కుట్టే ఆయన. కారు సీట్లు కుట్టే షోరూమాయన ఫోన్లో ఫొటో చూసే రేటు చెప్పాడు. ఈయన మాత్రం ముందు పాత గుడ్డతో నమూనా కత్తిరించి ఫ్రేమ్ మీద పరిచి చూసుకుని, ఆ తరవాతే మంచి గుడ్డని ముట్టుకున్నాడు. రెక్సిన్ రకం గుడ్డయితే ఎండ బాగా కాసే రోజు బిగించండి. వేడికి సాగుతుంది, ముడతలు రావు. మేం మే నెల మధ్యాహ్నం బిగించాం. ఇద్దరికీ వడదెబ్బ తగిలినంత పనైంది కానీ, మొన్న వానలో ఒక్క చుక్క లోపలికి రాలేదు, డ్రైవరు తలుపు వెనక మూలనుంచి తప్ప.