హోర్షమ్‌లో శని, ఆదివారాలు: మేనకోడలికి ఉత్తరం

అమ్మలూ,

ఆస్ట్రేలియాలో హోర్షమ్ ఆసుపత్రిలో నీకు ఉద్యోగం ఖాయమైందని, ఆగస్టు కల్లా నువ్వూ అల్లుడూ అక్కడికి చేరిపోతారని మీ నాన్న చెప్పాడు. "అక్కా, నువ్వు మెల్‌బోర్న్‌లో ఉండగా దీన్ని తీసుకెళ్లి ఆ పల్లెటూళ్లో పడేశారే" అని వాడి దిగులు. అది పల్లెటూరేం కాదు. జనం 20 వేల లోపే గానీ ఆసుపత్రి, సూపర్‌మార్కెట్లు, సినిమాహాలు అన్నీ ఉన్నాయి. నేను నర్సుగా పని చేసిందీ, పిల్లల్ని పెంచిందీ అక్కడే. మీ మావయ్య మోకాళ్ల కోసం, పెద్ద డాక్టర్ల కోసం సిటీకి మారాం తప్ప ఆ ఊరి మీద విసుగుతో కాదు.

నీకు ముఖ్యంగా చెప్పాల్సింది ఒకటే. మొదటి ఏడాది ప్రతి శని, ఆదివారాలకీ మెల్‌బోర్న్ పరిగెత్తుకు రావద్దు. మేం రమ్మనక కాదు, పండగలకి వద్దువుగాని. కొత్తగా వచ్చిన మనవాళ్లందరిదీ ఒకటే వరస. శుక్రవారం డ్యూటీ దిగగానే కారెక్కుతారు. 300 కిలోమీటర్లు. గుడి, ఇండియన్ షాపు, బిర్యానీ, ఎవరింట్లోనో బర్త్‌డే పార్టీ, ఆదివారం చీకటి పడ్డాక తిరుగు ప్రయాణం. ఏడాది తిరిగేసరికి "ఈ ఊళ్లో ఏముందండీ, ఏమీ లేదు" అంటారు. ఉన్న రెండు రోజులూ హైవే మీదే గడిపితే ఏం కనిపిస్తుంది?

పైగా వాళ్లు బయల్దేరే వేళే కంగారూలు రోడ్డెక్కే వేళ. పొద్దు వాలేటప్పుడూ, తెల్లవారుజామునా అవి మేతకు దిగుతాయి. హెడ్‌లైటు వెలుగు పడగానే పక్కకి పోతుందనుకుంటాం. అది ఒక్క క్షణం నిలబడి చూసి, సరిగ్గా కారు ముందుకే గెంతుతుంది. ఒకటి దాటింది కదా అని వేగం పెంచొద్దు, వెనకాల ఇంకొకటి ఉంటుంది. అల్లుడికి గట్టిగా చెప్పు: ఎదురైతే స్టీరింగ్ తిప్పకూడదు, తిన్నగా బ్రేకు వెయ్యాలి. తప్పించబోయి చెట్టుకి గుద్దుకున్నవాళ్లనే నేను ఎమర్జెన్సీలో ఎక్కువగా చూశాను. ఒకవేళ కారు తగిలితే, క్షేమంగా ఆగే చోటు ఉంటే ఆగండి. చచ్చిపోయినది ఆడదైతే సంచిలో పిల్ల బతికే ఉండొచ్చు. దాన్ని లాగకుండా వన్యప్రాణుల రెస్క్యూ వాళ్లకి ఫోన్ చేస్తే ఏం చెయ్యాలో చెబుతారు. అన్నిటికన్నా మంచిది, ఊరి బయట చీకట్లో ప్రయాణమే పెట్టుకోకపోవడం. పొద్దు గుంకేలోపు ఇంట్లో ఉండేలా చూసుకోండి.

మరి ఎక్కడికెళ్లాలి అంటావా? గంట దూరంలో గ్రాంపియన్స్ కొండలున్నాయి. ఆ నేలకి అసలు యజమానులైన ఆదివాసులు వాటిని గారివెర్డ్ అంటారు. కొండల నడుమ హాల్స్ గ్యాప్ అనే చిన్న ఊరు. రాత్రికి అక్కడే ఉండిపోతే, సాయంత్రం అక్కడి మైదానంలో మన ఊరి బీట్లో గొర్రెల్లా కంగారూలు మేస్తుంటాయి. దగ్గరికెళ్లి బ్రెడ్డు పెట్టొద్దు. వాటి ఒంటికి పడదు, పైగా చేతిలో తిండి లేకపోతే మీదికొచ్చే అలవాటు పడుతుంది. మీ అమ్మానాన్నా వచ్చినప్పుడు బొరోకా లుకౌట్‌కి తీసుకెళ్లు, కారు దిగి నాలుగడుగులు వేస్తే చాలు, లోయ మొత్తం కనబడుతుంది. మీరిద్దరే అయితే పినకిల్ శిఖరం ఎక్కండి. మెకెంజీ జలపాతం ఏడాది పొడుగునా పారుతూనే ఉంటుంది. కిందికి మెట్లు దిగడం సులువే, ఎక్కేటప్పుడే ఆయాసం. అక్కడ నీళ్లలోకి దిగడం నిషేధం. ఆ బోర్డు చూసి కూడా, మోకాలి లోతే కదా అని దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. ఫొటో కోసం తడి బండల మీదికి ఎక్కొద్దు.

వేసవిలో మాత్రం ముందు రోజు నిప్పు హెచ్చరిక చూడకుండా ఇల్లు కదలొద్దు. ఇక్కడి విక్టోరియా రాష్ట్రం హెచ్చరికలన్నీ వచ్చే విక్ఎమర్జెన్సీ యాప్ ఇప్పుడే ఫోన్లో పెట్టుకో. హెచ్చరికలు నాలుగు మెట్లు: మోడరేట్, హై, ఎక్స్‌ట్రీమ్, కెటాస్ట్రోఫిక్. చివరి రెండిట్లో ఏది వచ్చినా అడవి వైపు వెళ్లే ప్రోగ్రాం రద్దు, హోటల్ డబ్బులు పోయినా సరే. 2024 డిసెంబరులో పిడుగులు పడి గ్రాంపియన్స్‌లో మొదలైన మంటలు వారాల తరబడి ఆరలేదు. టోటల్ ఫైర్ బ్యాన్ అన్న రోజు బయట కట్టెలతో పొయ్యి రాజెయ్యకూడదు, జరిమానాలు మామూలుగా ఉండవు. ఇంకొకటి, నది ఒడ్డున రెడ్ గమ్ చెట్ల నీడ చల్లగా ఉందని కింద టెంటు వెయ్యొద్దు, కారూ ఆపొద్దు. మన జామాయిల్ జాతివే గానీ మహా వృక్షాలు. గాలి లేని రోజున కూడా కొమ్మ ఉన్నట్టుండి విరిగి పడుతుంది.

ఇక పాముల సంగతి. మీ నాన్న టెన్షనంతా దీని గురించే. సెప్టెంబరు నుంచి ఏప్రిల్ దాకా ఉంటాయి, ఎక్కువగా ఈస్టర్న్ బ్రౌన్. విషం చాలా ఘాటు. అయితే అది మనల్ని వెతుక్కుంటూ రాదు. పెరట్లో గడ్డి పొట్టిగా ఉంచు, రేకులు, కట్టెలు కుప్పలు పెట్టొద్దు, గడ్డిలో నడిచేటప్పుడు బూట్లు, పొడుగు ప్యాంటు. కనిపిస్తే కర్ర అందుకోకు. ఇక్కడ పాముల్ని చంపడం చట్టరీత్యా నేరం, పైగా చంపబోయినప్పుడే కాటు పడేది. దూరం నుంచి దాన్ని కనిపెట్టుకుని ఉండి, పాములు పట్టే లైసెన్సున్నవాణ్ణి పిలవాలి.

కాటు పడితే ఏం చెయ్యాలో నీకు ఆసుపత్రిలో నేర్పిస్తారు. కానీ అల్లుడికి ఇప్పుడే రావాలి. మనూళ్లలో చేసినట్టు తాడు బిగించడం, గాటు పెట్టడం, నోటితో పీల్చడం ఏదీ వద్దు. కడగనూ కూడదు, చర్మం మీది విషం ఆసుపత్రిలో ఏ పామో తేల్చడానికి పనికొస్తుంది. వెడల్పు సాగే బ్యాండేజీ తీసుకుని ముందు కాటు మీద చుట్టి, తర్వాత వేళ్ల దగ్గర్నుంచి మొదలుపెట్టి పైదాకా చెయ్యో కాలో మొత్తం బిగువుగా చుట్టాలి. కదలకుండా కర్ర ఆనించి కట్టాలి. మనిషి ఒక్క అడుగు కూడా నడవకూడదు. ట్రిపుల్ జీరోకి (000, ఇక్కడి ఎమర్జెన్సీ నంబరు) ఫోన్ చేసి అంబులెన్సు వచ్చేదాకా అలాగే ఉండాలి. కారులో అలాంటి బ్యాండేజీలు రెండు ఎప్పుడూ ఉంచుకోండి. రెడ్‌బ్యాక్ సాలీడు కుడితే మాత్రం బ్యాండేజీ కట్టకూడదు, ఐసు పెట్టి ఆసుపత్రికి వెళ్లాలి. పెరట్లో కుర్చీ అంచుల కిందా, ఖాళీ కుండీల్లోనూ దాక్కుంటుంది. గ్లవుజులు లేకుండా చెయ్యి పెట్టొద్దు. అన్నట్టు, మన పల్లేరు కాయలు ఇక్కడా ఉన్నాయి. ఉత్త కాళ్లతో తిరిగే అలవాటు మానుకో.

నిజానికి మీరు దిగగానే ఎదురయ్యేది పాము కాదు, మ్యాగ్‌పై. నలుపూ తెలుపూ పిట్ట, పొద్దున్నే దాని పాట వింటే ముచ్చటేస్తుంది. గూట్లో పిల్లలున్న ఆ కొన్ని వారాలూ మగపిట్ట కాపలా కాస్తూ వెనక నుంచి వచ్చి నెత్తి మీద తంతుంది. అన్నీ చెయ్యవు, ఏ ఒకటో రెండో. ఆ వీధి తెలుసుకుని కొన్నాళ్లు వేరే దారిన పో. తప్పకపోతే గొడుగు, కళ్లజోడు, సైకిల్ అయితే దిగి నడవడం. రాళ్లు విసిరావంటే నీ మొహం గుర్తుపెట్టుకుంటుంది, నవ్వులాట కాదు.

నాకు అన్నిట్లోకీ ఇష్టమైనది మాత్రం స్టంపీ టెయిల్ బల్లి. ఎండ కాసే సెప్టెంబరు రోజుల్లో తారు రోడ్డు మీద దేవదారు కాయ పడి ఉన్నట్టు కనిపిస్తుంది. మూరెడు కూడా ఉండదు, ఒంటి నిండా మందమైన పొలుసులు, తోక కూడా తలలాగే మొద్దుగా ఉంటుంది. ఎటు ముందో తేల్చుకోవాలంటే ఆగాల్సిందే. దగ్గరికెళ్తే నోరు తెరిచి నీలం నాలుక చూపించి బెదిరిస్తుంది, అంతే. ప్రతి వసంతంలోనూ పాత జంటే మళ్లీ కలుసుకుంటుంది, అలా ఏళ్ల తరబడి. అందుకే ఒకటి కనిపిస్తే కాస్త వెనకాల రెండోదాని కోసం చూడు. వెనక బండ్లేవీ రాకపోతే, అది ఎటు పోతోందో అటే రోడ్డు దాటించు. వెనక్కి పెడితే మళ్లీ వస్తుంది.

ఆ సెప్టెంబరులోనే కనోలా (ఆవాల జాతి నూనెగింజ) చేలు పసుపచ్చగా విరగబూస్తాయి. ఫొటోలకి చేలో దిగొద్దు. రైతుకి పంట నష్టం, మన బూట్లతో కలుపు విత్తనాలూ తెగుళ్లూ చేలోకి పోతాయి. రోడ్డు పక్క నుంచే తీసుకో, ఎవరి గేటైనా దాటాల్సి వస్తే అడిగి దాటు, తెరిచి ఉన్నది తెరిచే, మూసి ఉన్నది మూసే వదిలెయ్యి. ఆ పక్క చేలల్లో పొట్టిగా, పచ్చగా ఉండేది మసూర్ పంట. మనం తినే మసూర్ పప్పులో కొంత హోర్షమ్ చుట్టూ ఉన్న ఈ విమ్మెరా నేలలో పండి ఓడెక్కిందే. రైతుతో మాట కలపాలంటే ఇంతకన్నా మంచి దారి లేదు. మీ మావయ్యకి ఒక రైతు స్నేహమైంది శనగపచ్చడి గురించి మాట్లాడుతూనే.

శనివారాలు చలికాలంలో ఫుట్‌బాల్ (మనకి తెలిసిన సాకర్ కాదు, ఇక్కడి ఆట), నెట్‌బాల్ మ్యాచ్‌లకి వెళ్లు. ఆట అర్థం కాకపోయినా పర్వాలేదు. మైదానం చుట్టూ కార్లు నిలిపి లోపలే కూర్చుంటారు, గోల్ పడితే హారన్లు మోగిస్తారు. శాకాహారం అంటే వేడి చిప్స్ ఉంటాయి. నీ పేషెంట్లందరూ అక్కడే కనబడతారు. ఊరి బయట రోడ్ల మీద ఎదురొచ్చే డ్రైవర్ స్టీరింగ్ మీంచి ఒక వేలు ఎత్తుతాడు. అది పలకరింపు, నువ్వూ ఎత్తు. పబ్బులో భోజనం అంటే 8 లోపే వెళ్లాలి, తర్వాత వంటగది మూసేస్తారు.

వానాకాలం ఆదివారానికి ముర్టోవా అనే ఊళ్లో స్టిక్ షెడ్ ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో గోధుమలు ఎగుమతి కాక గుట్టలు పడితే 1941లో మొదలుపెట్టి నెలల్లో కట్టిన గోదాము. లోపల 560 చెట్ల మానులు స్తంభాలుగా వరసగా నిలబడి ఉంటాయి. తెరిచే వేళలు ముందే చూసుకో. బ్రిమ్ అనే ఊళ్లో ధాన్యం నిలవ చేసే ఎత్తైన సైలోల మీద 2016లో గీసిన రైతుల బొమ్మలూ అటువైపే.

అల్లుడికి నక్షత్రాల పిచ్చి అని విన్నాను. మనకి దక్షిణాన నేలబారుగా కనిపించే అగస్త్య నక్షత్రం ఇక్కడ వేసవి రాత్రుల్లో దాదాపు నడినెత్తి మీదికొస్తుంది. చందమామలో కుందేలు తలకిందులుగా ఉంటుంది. పెరట్లోంచే చూసుకోవచ్చు, కారు తియ్యనక్కర్లేదు.

సామాన్ల విషయం. పచ్చి కరివేపాకు, విత్తనాలు తేవద్దు. తినేవి ఏం తెచ్చినా విమానంలో ఇచ్చే కార్డు మీద రాసి ఎయిర్‌పోర్టులో చూపించు. వాళ్లు తీసేసుకుంటే తీసేసుకోనీ, దాచి దొరికితే పెద్ద జరిమానా. పచ్చళ్లు నేను పెట్టి ఉంచుతాను. కరివేపాకు మొక్క కూడా కుండీలో ఒకటి సిద్ధం చేశా. హోర్షమ్ చలికాలపు మంచుకి అది నేలలో బతకదు, కుండీలోనే ఉంచి రాత్రుళ్లు వరండాలోకి లాగాలి. మీరు వచ్చిన నెలకి మావయ్యా నేనూ తీసుకొస్తాం. పొద్దున్నే బయల్దేరి మధ్యాహ్నానికి చేరతాం, వంట పెట్టుకోకు, నేనే తెస్తాను.

మీ అత్త