భయం తగ్గేలోపే ఇల్లు సర్దుకోండి

ప్రశ్న: మా వారికి 49 ఏళ్లు. రెండు నెలల కిందట గుండెపోటు వచ్చి స్టెంట్ వేశారు. వచ్చిన కొత్తలో సిగరెట్ ముట్టలేదు, పొద్దున్నే ఇందిరా పార్కుకు వెళ్లి నడిచేవారు. నెల తిరిగేసరికి నడక ఆగిపోయింది. ఆఫీసు పక్కన ఇరానీ చాయ్‌తోపాటు సిగరెట్ కూడా మళ్లీ మొదలైందట. అడిగితే ‘ఇప్పుడు నొప్పి లేదు కదా’ అంటున్నారు. చావు దాకా వెళ్లొచ్చిన మనిషి ఇలా ఎలా మారిపోయారు?
- ఒక పాఠకురాలు, చిక్కడపల్లి

జవాబు: మీ ప్రశ్నకు సమాధానం ఆయన మాటలోనే ఉందమ్మా. ఆయన చేత సిగరెట్ మాన్పించింది నొప్పి. అది పోగానే భయమూ పోయింది. కానీ స్టెంట్ చేసేది పూడిన ఒక్కచోట రక్తనాళాన్ని తెరిచి ఉంచడమే. మిగతా నాళాల్లో పేరుకున్న కొవ్వు నొప్పి లేకుండానే అలాగే ఉంటుంది. ఈ సంగతి ఆయనకు మీరు చెప్పడం కంటే, యాంజియోగ్రామ్ (గుండె రక్తనాళాల ఎక్స్‌రే పరీక్ష) రిపోర్టు ముందు పెట్టి డాక్టర్ చేత చెప్పించండి.

ముందుగా, ఈ రోజే మందుల పట్టీలు లెక్కపెట్టండి. నడక మానేసినవాళ్లు మాత్రలు కూడా మానేస్తుంటారు. రక్తం గడ్డకట్టనివ్వని మాత్రలు, అంటే ఆస్పిరిన్‌తోపాటు క్లోపిడోగ్రెల్ గానీ టికాగ్రెలార్ గానీ, సాధారణంగా ఏడాది పాటు వాడమంటారు. మధ్యలో ఆపితే స్టెంట్‌లోనే రక్తం గడ్డకట్టి ప్రాణం మీదికి వస్తుంది. పన్ను పీకించుకోవాలన్నా కార్డియాలజిస్టును అడక్కుండా ఆపకూడదు.

ఇక సిగరెట్. ఆయన చేతిని లాగుతున్నది చాయ్, ఆ హోటల్, ఆ స్నేహితులు. అందుకే ‘మానెయ్’ అని పోరితే లాభం లేదు. కొన్నాళ్లు చాయ్ వేళ మార్చాలి, చోటు మార్చాలి, లేదా ఫ్లాస్కులో మజ్జిగ పంపండి. తాగాలన్న తహతహ ఒక్కోసారి కొద్ది నిమిషాలే ఉంటుంది. ఆ కాస్త సేపు జేబులో సోంపో లవంగాలో ఉన్నా గట్టెక్కవచ్చు. అది చాలకపోతే డాక్టర్‌ను అడిగి 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ వాడవచ్చు. దీన్ని చాలామంది మామూలు చూయింగ్ గమ్‌లా గబగబా నమిలి, వెక్కిళ్లు, గుండెలో మంట వచ్చాయని పారేస్తారు. మెల్లగా నమలాలి. నోట్లో చురుకు తెలియగానే నమలడం ఆపి బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టుకోవాలి. చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. అలా అరగంట. గమ్‌కు పావుగంట ముందు నుంచి, అది నోట్లో ఉన్నంతసేపూ చాయ్, కాఫీ తాగకూడదు. తాగితే నికోటిన్ సరిగా ఒంటికి పట్టదు. పొగాకు మాన్పించే జాతీయ ఉచిత ఫోన్ నంబరు 1800-11-2356. ఒకసారి జారినంత మాత్రాన అంతా పోయినట్టు కాదు. ఏ చోట, ఏ వేళ జారారో రాసుకుంటే మర్నాడు దేన్ని తప్పించాలో తెలుస్తుంది.

నడక ఆగిపోవడానికి తరచూ కారణం మొదటి వారమే గంట నడవడం. డాక్టర్ ఒప్పుకున్నాక పది నిమిషాలు, రోజుకు రెండుసార్లు చాలు. వారానికి ఐదేసి నిమిషాలు పెంచుతూ అరగంటకు రావాలి. నడుస్తూ మాట్లాడగలగాలి. మాట తెగుతుంటే వేగం ఎక్కువైనట్టు. భోంచేసిన వెంటనే వద్దు. ఛాతీలో పట్టేసినట్టుంటే అక్కడే కూర్చోవాలి, తగ్గకపోతే 108. మీరూ వెంట వెళ్తే మంచిది. ఒక్కరే వెళ్లే నడక త్వరగా ఆగిపోతుంది.

వంటగదిలో మనిషికి నెలకు అర లీటరు నూనె లెక్కన కొని, నెల మధ్యలో మళ్లీ కొనకండి. ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే ఒక టీస్పూను దాటకూడదు. పచ్చళ్లు, అప్పడాలు, వడియాల్లోని ఉప్పూ ఈ లెక్కలోదే. పెరుగన్నంలో ఆవకాయ రోజూ కాక ఆదివారానికి ఉంచండి. తక్కువ సోడియం ఉప్పు అని అమ్మే పొట్లాల్లో చాలావాటిలో పొటాషియం ఉంటుంది. రామిప్రిల్ లాంటి బీపీ మాత్ర వాడేవారికి రక్తంలో అది పెరిగిపోవచ్చు, కాబట్టి డాక్టర్‌ను అడక్కుండా కొనొద్దు.

భయం తగ్గాక మనిషిని పట్టి ఉంచేవి పరీక్షల తేదీలు. కొవ్వు తగ్గించే స్టాటిన్ మాత్ర మొదలుపెట్టాక నాలుగు నుంచి ఆరు వారాలకు కొవ్వు పరీక్ష చేస్తారు. మీరు చేయించి ఉండకపోతే ఈ వారమే చేయించండి. ఎల్‌డీఎల్ అనే చెడు కొవ్వు కనీసం 70 కిందికి రావాలి. ఇంకా తగ్గాలనే డాక్టర్లూ ఉన్నారు. ఆ అంకె ఫ్రిజ్ మీద అతికించండి.

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు చక్కెర పరీక్ష) 9.4 వచ్చిందని భయపడి అన్నం పూర్తిగా మానేశాను. పొద్దున మొలకలు, మధ్యాహ్నం ఒక చపాతీ. పదకొండు గంటలకు చెమటలు, చేతులు వణుకు. షుగర్‌కు గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ మాత్రలు వాడుతున్నాను.
- ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: మీ భయం మంచిదే, తొందర ప్రమాదం. గ్లిమెపిరైడ్ మీరు తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తుంది. మాత్ర మోతాదు పాత తిండికి సరిపడా ఉంది, తిండేమో సగమైంది. వణుకు రాగానే గ్లూకోమీటర్‌తో చూసుకోండి. 70 కంటే తక్కువుంటే మూడు టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి తాగి, పావుగంటకు మళ్లీ చూడండి. చాక్లెట్ వద్దు, అందులోని కొవ్వు వల్ల చక్కెర ఆలస్యంగా ఎక్కుతుంది. రెండు రోజుల అంకెలు రాసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లి మాత్ర తగ్గించమని అడగండి, మీ అంతట మీరు ఆపకండి. కంచంలో సగం కూర, పావు పప్పో గుడ్లో, పావు అన్నం ఉంటే చాలు. హెచ్‌బీఏ1సీ చూసేది ఎర్ర రక్తకణాలకు అంటుకున్న చక్కెరను. ఆ కణం సుమారు 120 రోజులు బతుకుతుంది కాబట్టి ఆ పరీక్ష మళ్లీ మూడు నెలలకే చేయించండి. మూడు వారాలకే చేయిస్తే పెద్దగా తగ్గినట్టు కనబడదు.